మోదుగు పూలతో హోలీ రంగు: చెట్టు కింది నుంచి పిచికారీ దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. నిజానికి ఒక్కసారిగా పోదు. తెల్లారుజామున శాలువా కప్పుకోవాల్సిందే, పదింటికల్లా అదే శాలువా భుజం మీద బరువైపోతుంది. ఆ రోజుల్లోనే చెరువుగట్ల మీదా గుట్టల వాలునా మోదుగు చెట్లు ఉన్న ఆకంతా రాల్చేసి ఒట్టి పూలతో నిలబడతాయి. అక్కడి నుంచి హోలీ దాకా నాకు ఫోన్లు మొదలు. "కాస్తే రంగు పలచగా వచ్చిందేంటి?" "మాది మట్టినీళ్లలా అయింది, ఏం చేయాలి?" "సున్నం ఎంత వేయాలి?" ఏటా ఇవే మూడు. అందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

శివరాత్రికీ హోలీకీ మధ్య పదిహేను పదహారు రోజులుంటాయి. పూలకు అదే అదను. అంతకు ముందు వెళ్తే నల్లటి మొగ్గలే ఎక్కువ కనిపిస్తాయి, హోలీ దాటాక వెళ్తే చెట్టు కింద ఎండినవే మిగులుతాయి. ఒక్కో చోట వారం అటూ ఇటూ అవుతుంది కాబట్టి దారిన పోతూ మీ వైపు చెట్టు మీద ఓ కన్నేసి ఉంచండి.

కావలసినవి

- మోదుగు పూలు, ఒక బకెట్ నిండా (నొక్కకుండా వదులుగా పోస్తే). నలుగురైదుగురు పిల్లలు ఒక పూట ఆడుకోవడానికి సరిపోతాయి.
- స్టీలు గిన్నె, పెద్దది, మూతతో. కొత్త మట్టికుండ ఉంటే ఇంకా మంచిది.
- పాత నూలు చీర ముక్క లేదా ధోవతి ముక్క. చాయ్ వడకట్టే జాలీ ఈ పనికి చాలదు.
- తమలపాకుకు రాసుకునే సున్నం కొంచెం, లేదా వంటసోడా. రెండూ లేకపోయినా రంగు వస్తుంది.
- ఒక తెల్ల సాసరు, చిన్న తెల్ల నూలుగుడ్డ. రంగు చూసుకోవడానికి.
- కొబ్బరినూనె.

ఇనుప మూకుడు జోలికి మాత్రం పోవద్దు. మొదటి ఏడాది ఇంట్లో పెద్ద గిన్నె దొరక్క నేను వంటల మూకుట్లో కాచాను. పొద్దున మూత తీస్తే చెరువులో బర్రెలు పొర్లిన నీళ్లు ఎట్లుంటాయో అట్లుంది. పూలలోని వగరు ఇనుముతో కలిస్తే రంగు నల్లబడుతుంది. అప్పుడు ఎంత సున్నం వేసినా వెనక్కి రాదు.

1. ముందు చెట్టును సరిగ్గా గుర్తుపట్టండి

మోదుగు పువ్వు చిలకముక్కులా వంకర తిరిగి ఉంటుంది. సంస్కృతంలో దాన్ని కింశుకం అన్నది అందుకే, "ఇది చిలకా ఏమిటి?" అని. రంగు నారింజ. కింద పువ్వును పట్టుకుని ఉండే దొప్ప ముదురు గోధుమ రంగులో, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటుంది. వాసన ఉండదు. చెట్టు మీద పాత ఆకు ఒకటో అరో మిగిలి ఉంటే మూడేసి ఆకులు కలిసి ఉంటాయి, మనం విస్తర్లు కుట్టేది వాటితోనే.

ఇదే రోజుల్లో బూరుగు కూడా ఆకు లేకుండా పూస్తుంది. దాని పువ్వు గిన్నెలా పెద్దగా, మందంగా, ఐదు రెక్కలతో ఉంటుంది. చిన్న బూరుగు చెట్టు మానుకు ముళ్లుంటాయి. ఎర్రగా పూసే బాడిదకూ ముళ్లే. మోదుగుకు ముళ్లుండవు. ముళ్లతో పాటు పువ్వు ఆకారమూ చూస్తే గుర్తు తప్పదు.

పిల్లలతో వెళ్తే ఒక మాట గట్టిగా చెప్పండి: రంగుగా కనిపించిన ప్రతి పువ్వునూ సంచిలో వేయొద్దని. గన్నేరు, ఉమ్మెత్త విషం. పూలు కుప్ప పోశాక వాటిని వేరుచేయడం కష్టం, కాగాక అసలే తెలియదు.

2. ఏరడం

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైనది ఈ భాగమే, అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను.

పొద్దున్నే వెళ్లండి. రాత్రి రాలిన పూలు అప్పటికింకా మెత్తగా ఉంటాయి, ఎండెక్కితే వడిలి అంచులు నల్లబడతాయి. చెట్టు కింద పాత చీర పరిచి కూర్చుంటే సగం పని పైనున్నవాళ్లే చేసిపెడతారు. గోరింకలు, ఉడతలు, చిన్న చిన్న తేనెపిట్టలు తేనె కోసం పువ్వు పువ్వుకూ మూతి పెడుతుంటే కిందికి టపటపా రాలుతుంటాయి. పువ్వు బరువుది. చీర మీద పడితే చినుకు కాదు, చిన్న రేగుపండు పడ్డంత చప్పుడు. అరగంట కూర్చుంటే వీపు మీద ఎండ సన్నగా కాగడం మొదలవుతుంది, అప్పుడు శాలువా తీసి పక్కన పెడతారు. ఆ ఏడాదికి మళ్లీ దాన్ని కప్పుకోవాల్సిన పని ఉండకపోవచ్చు.

రాలినవి చాలకపోతే కింది కొమ్మను చేత్తో పట్టి మెల్లగా ఊపండి. కర్రతో బాదొద్దు, కొమ్మలు విరవొద్దు. మొగ్గలు రాలితే మీకూ ఉపయోగం లేదు, పిట్టలకూ లేదు. పొలంలో ఉన్న చెట్టయితే ఆసామిని ఒక మాట అడగండి. కాదనేవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు, పైగా "ఇంకో చెట్టు అగో ఆ వాగు ఒడ్డుకున్నది" అని చూపించినవాళ్లే ఎక్కువ.

రెండు జాగ్రత్తలు. పూలలో చీమలుంటాయి, ఒక్కోసారి తేనెటీగలూ ఉంటాయి. గుప్పిట్లోకి తీసుకునే ముందు దులపండి. ఇక పూలను ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి తేవద్దు, లోపల వేడెక్కి సాయంత్రానికి కుళ్లువాసన వస్తుంది. గంపలోనో గోనెసంచిలోనో తెచ్చి, ఇంటికి రాగానే నీడలో బట్ట మీద ఆరబోయండి. ఇలా చేస్తే రెండు రోజులు ఆగుతాయి.

3. బాగుచేయడం

ఆ మఖమల్ దొప్పను తీసేయండి. పువ్వును ఎడమచేత్తో పట్టుకుని దొప్పను కుడిచేత్తో మెలి తిప్పితే ఊడొస్తుంది. తీయకుండా కాస్తే ఏమీ మునిగిపోదు కానీ రంగులో గోధుమ జాడ వస్తుంది. ఎంత ఓపికుంటే అంత తీయండి, మిగతావి పోనీయండి. నల్లబడినవి, బూజు పట్టినవి మాత్రం తప్పక ఏరేయాలి.

తర్వాత చల్లటి నీళ్లలో ఒక్కసారి ముంచి తీయండి. చీమలు, దుమ్ము పోతాయి. నానబెట్టి కడగొద్దు, రంగు ఆ నీళ్లలోనే దిగిపోవడం మొదలవుతుంది.

4. కాచడం

కొలత సులువు. గిన్నెలో పూలను నొక్కి నింపితే ఎంతుంటాయో దానికి రెండింతలు నీళ్లు. రంగు పలచగా వచ్చిందని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు, నాలుగు గుప్పిళ్ల పూలకు బకెట్ నీళ్లు పోస్తారు. ముందు చిక్కగా తీసి, ఆడేటప్పుడు నీళ్లు కలుపుకోవచ్చు. పలచగా తీసినదాన్ని చిక్కగా చేయడం కుదరదు.

నీళ్లు పొయ్యి మీద పెట్టి, వేడెక్కాక పూలు వేయండి. మరుగు మొదలవగానే మంట తగ్గించి మూత పెట్టి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. గలగలా మరిగించొద్దు. గంటసేపు మరిగిస్తే రంగు ఇంకా దిగుతుందనుకుంటారు. దిగేది దిగాక మిగిలేది ముదిరిన గోధుమ రంగే. మంట ఆర్పేసి, మూత తీయకుండా రాత్రంతా అలాగే వదిలేయండి. అసలు రంగు ఈ నానడంలోనే దిగుతుంది.

హోలీ ముందురోజు రాత్రి కాముని దహనానికి వెళ్లేముందు పొయ్యి మీద పెట్టి, వెళ్లేటప్పుడు దించేస్తే లెక్క సరిపోతుంది. మరీ ముందుగా చేసి పెట్టుకోవద్దు. ఎండలు ముదురుతున్న రోజులు కదా, రెండో రోజుకే పులుస్తుంది.

*పొయ్యి లేకుండా:* గోరువెచ్చని నీళ్లలో పూలు వేసి చేత్తో బాగా పిసికి, రాత్రంతా మూతపెట్టి ఉంచండి. కాచినంత చిక్కగా రాదు, కానీ చిన్నపిల్లలకు ఇది చాలు. వాళ్లకు ఆ పిసకడమే సగం పండుగ.

5. వచ్చిందో లేదో చూసుకోవడం

పొద్దున మూత తీసి గిన్నెలోకి చూసి బెంగపడొద్దు. లోతుగా ఉన్న నీళ్లు నల్లగానే కనిపిస్తాయి. ఒక చెంచాడు తెల్ల సాసర్లో పోసి వెలుతురులో చూడండి.

సంత్రపండు తొక్క రంగుంటే బాగా వచ్చినట్టు. పసుపు మీదికి ఉంటే పూలు తక్కువయ్యాయి, లేదా సరిగా నానలేదు. పూలు పిసికి మరో గంట ఉంచి చూడండి. గోధుమ రంగుంటే ఎక్కువ మరిగింది, లేదా గిన్నెలో తేడా ఉంది. దీన్ని బాగుచేయలేం, అలాగే వాడుకోండి, ఒంటికి హాని ఏమీ లేదు.

తర్వాత తెల్లగుడ్డ ముంచి, పిండి, ఆరనివ్వండి. తడిమీద కనిపించిన రంగు ఆరాక ఒక మెట్టు దిగుతుంది. అది మామూలే.

వాసన కూడా చూడండి. ఉడికిన ఆకుకూర వాసనుంటే సరే. పుల్లగా ఉండి పైన నురుగు కడితే పారబోయండి.

6. సున్నం: వేస్తే ఇంతే, లేదా అసలే వద్దు

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం మనకు కొత్త కాదు, హారతికి ఎర్రనీళ్లు చేసేది అలాగే. మోదుగు రంగులోనూ అదే జరుగుతుంది: సున్నం తగిలితే నారింజ ఎరుపు వైపు జరుగుతుంది, నిమ్మరసం తగిలితే పసుపు వైపు వెళుతుంది. ఇంతకు మించి శాస్త్రం మనకు అక్కర్లేదు.

సమస్యంతా కొలతలోనే. ఎరుపు చూసి సంబరపడి ఇంకొంచెం, ఇంకొంచెం అని వేస్తారు. ఒకసారి నేను ముద్దగా తీసి వేయబోతుంటే మా నాయినమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది: "సున్నం ఎక్కువైతే రంగు కాదు బిడ్డా, పుండయితది." ఒంటికి మంట, కంట్లో పడితే అంతకంటే పెద్ద ప్రమాదం.

నేను చేసే పద్ధతి ఇది. సెనగగింజంత సున్నం గ్లాసు నీళ్లలో కలిపి గంటసేపు కదపకుండా ఉంచుతాను. అడుగున తెల్లగా పేరుకుంటుంది, పైన తేటగా ఉంటుంది. ఆ తేట నుంచి రెండు చెంచాలు తీసి, బకెట్ రంగులో పోసి కలిపి, సాసర్లో చూస్తాను. చాలకపోతే మరో రెండు. అంతకు మించను. అడుగు ముద్ద రంగులోకి రాకూడదు.

చిన్నపిల్లలు ఆడే రంగులో సున్నం వద్దు. ఎరుపు కావాలని మారాం చేస్తే బకెట్‌కు ఒక చెంచా వంటసోడా వేయండి. సున్నమంత ఎరుపు రాదు కానీ తేడా తెలుస్తుంది. నన్నడిగితే పూలు సరిపడా వేసినవాళ్లకు ఈ రెండూ అనవసరమే.

7. వడకట్టడం, రెండుసార్లు

మొదటిసారి చీర ముక్కను ఒకే పొరగా బకెట్ మీద కట్టి పూలతో సహా పోసి, మూటగట్టి గట్టిగా పిండండి. రెండోసారి అదే ముక్కను ఉతికి, రెండు మడతలు వేసి, ఈసారి పిండకుండా వడకట్టండి. పిండితే నలక మళ్లీ కిందికి దిగుతుంది.

రెండోసారి ఎందుకంటే, ఈ పువ్వులో సన్నటి కేసరాలుంటాయి. అవి పిచికారీ మూతిలో ఇరుక్కుంటే ఇక రాదు. పిల్లవాడు బలంగా నొక్కుతాడు, వెనక బిరడా ఊడి రంగంతా వాడి మీదే పడుతుంది. మా ఇంట్లో ఇది జరగని హోలీ లేదు. మీకు సీసా మూతకు చిల్లులు పెట్టుకుని ఆడే అలవాటుంటే ఒకసారి వడకట్టినా నడుస్తుంది.

పిండిన పూలను పారేయకండి. మళ్లీ సగం నీళ్లు పోసి ఇంకోసారి కాస్తే రెండో రంగు వస్తుంది, పలచగా. బుడ్డోళ్ల బకెట్‌కు అది. ఆ తర్వాత పిప్పిని మొక్కల మొదట్లో వేసేయండి.

8. ఆడేముందు

ముందురోజు రాత్రి కాచినప్పుడే కొద్దిగా తీసి, చల్లార్చి, మోచేతి లోపలివైపు రాసి చూడండి. దద్దురు గానీ దురద గానీ వస్తే ఆ మనిషికి ఈ రంగు వద్దు. పూలతో చేసింది కదా అని ఎవరికీ పడకుండా ఉండదనుకోవడం తప్పు.

తలకు, ఒంటికి కొబ్బరినూనె రాసుకుంటే కడగడం తేలిక. కంట్లో పడితే మంచినీళ్లతో కడగండి. సున్నం కలిపిన రంగు పడితే మాత్రం రుద్దకుండా, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. రంగు నీళ్లను తాగే సీసాల్లో నింపి వంటింట్లో పెట్టకండి. చూస్తే అచ్చం రస్నాలా ఉంటుంది.

ఆడేటప్పుడు చిక్కటి రంగులో అంతే నీళ్లు కలుపుకోవచ్చు. ముందే అంతా కలిపేయకండి, పదింటికి వచ్చే చుట్టాల పిల్లల కోసం చిక్కటిది ఒక చెంబు పక్కన ఉంచండి.

చెట్టు దగ్గర లేనివాళ్లకు

ఎండు పూలు మూలికలు అమ్మే కొట్లలో దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్ వైపు అడిగి చూడండి. మోదుగు అంటే తెలియకపోతే టేసూ పూలనో, పలాశ పుష్పమనో అడగండి. (పాఠాల్లో చదివిన 1757 నాటి ప్లాసీ యుద్ధం గుర్తుందా? ఆ పలాశీకి పేరు ఈ చెట్టు నుంచి వచ్చిందే అంటారు.) ఎండు పూలను కొనేటప్పుడు చేత్తో నలిపి చూడండి. కరకరలాడుతూ, ఇంకా నారింజ జాడ ఉండాలి. నల్లగా, మెత్తగా ఉంటే పాత సరుకు. 100 గ్రాముల ఎండు పూలకు రెండు లీటర్ల నీళ్లు చాలు, మిగతా పని అంతా ఒకటే, కాకపోతే కాచే ముందు రెండు గంటలు నానబెట్టుకోండి.

వచ్చే ఏడాదికి మీరే ఎండబెట్టుకోవచ్చు కూడా. దొప్పలు తీసిన రెక్కలను నీడలో, గాలి తగిలేచోట, ఒక్క పొరగా పరవండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. నాలుగైదు రోజులకు రెక్క విరిస్తే పుటుక్కుమనాలి. వంగుతోందంటే ఇంకా తడి ఉంది, ఆ స్థితిలో డబ్బాలో పెడితే బూజే. బాగా ఎండినవాటిని మిక్సీలో పొడి చేసి, పలచటి బట్టలో జల్లించి, రెండింతలు బియ్యప్పిండి కలిపితే పొడిరంగు అవుతుంది. కొట్లో దొరికే గులాల్‌లా మెరవదు. ముఖాన రాస్తే మెత్తగా, వెలిసిన ఇటుక రంగులో ఉంటుంది. నాకైతే నచ్చుతుంది, మా పిల్లలకు నచ్చదు.

అమెరికాలోనో ఇంకెక్కడో ఉండి, హోలీనాటికి బయట ఇంకా మంచు కరగనివాళ్లు అడుగుతుంటారు. మీకు పసుపే దిక్కు. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు కలిసిన నారింజ వస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: పసుపు మరక పడ్డ బట్టను సబ్బుతో ఉతికితే మరక ఎర్రబడుతుంది, అద్దె ఇంటి కార్పెట్ మీద పడితే అంత తేలిగ్గా వదలదు. పెరట్లోనే ఆడండి.

రంగు మిగిలితే

పారబోసేముందు ఒక తెల్ల నూలు రుమాలు వెతకండి. అద్దకానికి పటిక కావాలి, ఒట్టి రంగులో ముంచితే నాలుగు ఉతుకుల్లో పోతుంది. 100 గ్రాముల బట్టకు 10 గ్రాముల పటిక. రుమాలు ఒక్కటే అయితే పావు చెంచా పొడి చాలు. పటికను వేడినీళ్లలో కరిగించి రుమాలును గంటసేపు నానబెట్టండి. పిండి, మిగిలిన చిక్కటి రంగులో (సున్నం కలపనిది) వేసి, సన్నటి మంట మీద అరగంట ఉంచి, చల్లారేదాకా అందులోనే వదిలేయండి. మధ్యమధ్య కర్రతో తిప్పుతుండాలి, మడతల దగ్గర రంగు ఎక్కకపోతే చారలు పడతాయి. చారలు కావాలంటే తిప్పకండి.

తీసి నీడన ఆరేయండి. మొదటిసారి విడిగా, సబ్బు లేకుండా చల్లటి నీళ్లలో ఉతకండి. ఎండలో ఆరేస్తే మాత్రం ఉగాది నాటికే వెలిసిపోతుంది.